గొంతు దగ్గరైంది.. అక్షరం దూరమైంది

సెల్‌ఫోను కలిపిన సరిహద్దు తెలుగువారి స్నేహాలు, బేరాలు, రాతలు

హోసూరులో ఒక పూల వ్యాపారి కన్నుమూసి పదమూడు రోజులైంది. కర్మకాండ ముగిసింది. చుట్టాలు ఒక్కొక్కరే ఊళ్లకు వెళ్లిపోయారు. ఇల్లు సద్దుమణిగాక పాతికేళ్ల కొడుకు బీరువాలోంచి నాయన పద్దు పుస్తకం తీశాడు. ఎవరి దగ్గర ఎంత రావాలో, ఎవరికి ఎంత ఇవ్వాలో అంతా అందులోనే ఉంది. అంకెలు అర్థమవుతున్నాయి. పక్కనున్న పేర్లే అర్థం కావడం లేదు. పుస్తకం మొత్తం తెలుగులో ఉంది.

ఆ కుర్రాడు తెలుగు రానివాడేమీ కాదు. ఇంట్లో మాట్లాడేది తెలుగే. బడిలో తమిళం, ఇంగ్లీషు చదివాడు. బెంగళూరు వ్యాపారులతో కన్నడంలో బేరమాడతాడు. నాలుగు భాషలు నోట్లో ఉన్నాయి. కానీ కన్నతండ్రి చేతిరాత ముందు మాత్రం కళ్లు లేనివాడిలా కూర్చోవాల్సి వచ్చింది. "నాయనతో పుట్టినప్పటి నుంచి తెలుగే మాట్లాడినా. ఆయన రాసింది మాత్రం చదివేకి రాదు" అన్నది అతని బాధ.

చివరికి ఒక ఉపాయం తట్టింది. పుస్తకం మొదటి పేజీని ఫోనుతో ఫొటో తీశాడు. నాయన ఫోన్లో ఆయన బడి స్నేహితుల వాట్సాప్ గ్రూపు ఉంది. అందులో పెట్టబోయి ఆగాడు. గ్రూపులో నలభై మందికి పైగా ఉన్నారు. ఎవరి బాకీ ఎవరి కంట పడుతుందో తెలియదు. పోయిన మనిషి గుట్టుగా ఉంచిన లెక్క బజారున పడకూడదు. అందుకే గ్రూపులో పెట్టకుండా, నాయనకు బాగా దగ్గరివాడైన ఒకాయనకు విడిగా గొంతు సందేశం పంపాడు.

"మామా, నాయన లెక్క కొంచెం చదివి చెప్తావా?"

ఆ మామ ఏం చేశాడన్నది తర్వాత చెప్పుకొందాం. ఈ ఒక్క ఇంటి కథలో సరిహద్దు అవతలి తెలుగువారి కథంతా ఉంది. ఫోను వచ్చి మన గొంతులను కలిపింది. తప్పిపోయిన స్నేహితులను వెతికి తెచ్చింది. బేరాలు పెంచింది. కానీ గొంతు దగ్గరైనంత వేగంగా అక్షరం దూరమైపోతోంది. ఆ లోటు సరదా కబుర్లలో తెలియదు. ఇలాంటి రోజున తెలుస్తుంది.

ముప్పై ఏళ్లకు కలిసిన బెంచీ

ఆ పూల వ్యాపారి 1980లలో హోసూరులో తెలుగు మాధ్యమంలో చదివారు. అప్పటికి పరిశ్రమలు వస్తున్నాయి. పదో తరగతి అయ్యాక బ్యాచీ చెట్టుకొకరు, పుట్టకొకరు అయ్యారు. ఒకరు ఫ్యాక్టరీలో చేరారు. ఒకరు దెంకణికోట దగ్గర సొంత చేనుకు వెళ్లారు. ఇద్దరు ముగ్గురు బెంగళూరు చేరారు. ఒకరు ఉపాధ్యాయుడయ్యారు. పెళ్లిళ్లకు, చావులకు తప్ప కలిసింది లేదు. కొందరు ఎక్కడున్నదీ తెలియదు.

వాట్సాప్ గ్రూపు పెట్టాక ఒకరు ఇద్దరిని, ఇద్దరు నలుగురిని లాక్కొచ్చారు. మొదటి నెలంతా పాత ఫొటోలు, మారుపేర్లు, మేష్టారి బెత్తం కబుర్లతోనే గడిచింది. తర్వాత అన్ని గ్రూపుల్లాగే ఇందులోనూ దేవుడి బొమ్మలు, ఎవరో ఎక్కడి నుంచో పంపిన సలహాలు, రాజకీయాల మీద గొడవలు వచ్చాయి. ఇద్దరు అలిగి వెళ్లిపోయారు. వాళ్లను బతిమాలి తెచ్చారు.

అయితే ఈ గ్రూపుకు ఒక ప్రత్యేకత ఉండేది. పూల వ్యాపారి తెల్లవారుజామున మార్కెట్లో బేరం ముగించుకొని, టీ తాగుతూ, రోజుకు రెండు ముక్కలు తెలుగులో రాసి పెట్టేవారు. కవిత్వమంటే ఆయనే ఒప్పుకొనేవారు కాదు. "ఈ దినం పువ్వు ధర పడింది. వాన మాత్రం పడలేదు" ఇలా ఉండేవి. అది చూడనిదే కొందరికి పొద్దు పొడిచేది కాదు.

ఒక రోజు ఎనిమిదైనా ఆ రెండు ముక్కలూ రాలేదు. ఎనిమిదిన్నరకు ఒకరు, తొమ్మిదికి ఇద్దరు ఫోను చేశారు. ఎవరూ ఎత్తలేదు. ఊళ్లోనే ఉన్న స్నేహితుడు స్కూటరు వేసుకొని ఇంటికి వెళ్లాడు. ఆయనకు ఒంట్లో బాగాలేక ఆసుపత్రిలో చేర్చారని అలా తెలిసింది. ఆ తర్వాత ఆయన రెండు నెలలు బతికారు. ఆ రెండు నెలలూ ఎవరో ఒకరు మంచం పక్కన ఉన్నారు.

ఫోను స్నేహాలన్నీ పైపైవే అనేవాళ్లకు ఇది జవాబు. పొద్దున్నే పలకరింపు రాలేదని కంగారుపడి ఇంటికి పరుగెత్తేవాడు ఉంటే అది స్నేహమే. అయితే ఫోను పని అక్కడి వరకే. స్కూటరు తీయాల్సింది మనిషే.

బడిలో మారిన వరస

తండ్రి ధారాళంగా రాసిన అక్షరం కొడుక్కి ఎందుకు రాలేదు? తప్పు ఫోనుది కాదు. అంతకుముందే బడిలో వరస మారింది.

హోసూరు ప్రాంతం భాషల కూడలి. ఇటు కర్ణాటక, అటు ఆంధ్రప్రదేశ్, మధ్యలో తమిళనాడు. బెంగళూరు నలభై కిలోమీటర్ల దూరం. హోసూరు, తళి, బాగలూరు, బేరికె, సూళగిరి, వేపనపల్లి వైపు పల్లెల్లో తెలుగు, కన్నడం, తమిళం ఒకే వీధిలో వినిపిస్తాయి. రాష్ట్రాల పునర్విభజన 1956లో జరిగింది. ఆంధ్ర, మద్రాసు రాష్ట్రాల మధ్య హద్దులు మళ్లీ 1960 ఏప్రిల్‌లో సర్దుకున్నాయి. గీతలు మారినా తెలుగు బడులు చాలాకాలం నడిచాయి.

తమిళనాడు ప్రభుత్వం 2006లో తమిళాన్ని తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. ఆ ఏడాది ఒకటో తరగతితో మొదలై ఏటా ఒక తరగతి చొప్పున అమలైంది. తమిళం మొదటి భాష, ఇంగ్లీషు రెండోది. తమిళం మాతృభాష కాని పిల్లలకు వాళ్ల భాష ఐచ్ఛికంగా మిగిలింది. ఆ మొదటి బ్యాచీ పదో తరగతికి వచ్చేసరికి 2016లో వ్యవహారం కోర్టుకెక్కింది. భాషా అల్పసంఖ్యాక విద్యార్థులకు పరీక్షల్లో మినహాయింపులు దొరికాయి. ఈలోపు చాలామంది తల్లిదండ్రులు ఎందుకొచ్చిన తంటా అని పిల్లలను తమిళ మాధ్యమానికో, ఇంగ్లీషు మాధ్యమానికో మార్చేశారు. పూల వ్యాపారి కొడుకు 2006లో ఒకటో తరగతిలో చేరినవాడే.

తమిళం నేర్చినందుకు అతనికి నష్టమేమీ లేదు. ఆ భాషతోనే వ్యాపారం నడుపుతున్నాడు. ఉన్న రాష్ట్రపు భాష రాకపోతే బతుకు గడవదని అక్కడి తెలుగువారందరికీ తెలుసు. ఒకటి వచ్చినందుకు రెండోది ఎందుకు పోవాలన్నదే ప్రశ్న.

యానాం చూస్తే ఈ మాట ఇంకా బాగా తెలుస్తుంది. పుదుచ్చేరికి వందల కిలోమీటర్ల దూరంలో, గోదావరి ఒడ్డున ఉన్న యానాం పాలన వేరు. కానీ అక్కడి బడుల్లో తెలుగు ఉంది. పిల్లలు తెలుగు చదువుతారు, రాస్తారు, ఫోన్లోనూ అదే కొడతారు. ఫోను రెండు చోట్లా ఒకటే. తేడా బడిలో ఉంది.

గుడి కుడి అయింది

అక్షరం రానివాళ్లు ఊరికే కూర్చోరు. ఏదో ఒక దారి వెతుక్కుంటారు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టడం ఒక దారి. చదువుకున్న రాష్ట్రపు లిపిలో తెలుగు రాయడం రెండో దారి. రెండింట్లోనూ గుంతలున్నాయి.

తమిళ లిపిలో క, ఖ, గ, ఘలకు ఒకటే అక్షరం. త, థ, ద, ధలకూ అంతే. తమిళానికి ఆ ఏర్పాటు చక్కగా సరిపోయింది. తెలుగుకు సరిపోదు. 'తాత' అని రాసినా 'దాత' అని రాసినా ఒక్కటే. 'పాట'కూ 'బాట'కూ తేడా తెలియదు. ఒకసారి పూల పెట్టెలు ఇవ్వాల్సిన చోటు చెబుతూ కొడుకు డ్రైవరుకు తమిళ లిపిలో 'గుడి పక్క వీధి' అని పంపాడు. డ్రైవరు కూడా తెలుగువాడే. అతను దాన్ని 'కుడి పక్క వీధి' అని చదువుకొని, కూడలిలో కుడి చేతివైపు తిరిగాడు. పెళ్లి మండపానికి చేరాల్సిన గులాబీలు ముప్పావు గంట తిరిగి తిరిగి వచ్చాయి. "గుడి అంటే గుడి అని రాయరాదా అప్పా" అని డ్రైవరు, "అదే కదా రాసింది" అని ఇతను. ఇద్దరిదీ నిజమే.

అప్పటి నుంచి ఆ కుర్రాడు చిరునామాలు గొంతుతోనే చెబుతున్నాడు. వాట్సాప్‌లో గొంతు సందేశాలు 2013లో వచ్చాయి. ఆ ఒక్క బొత్తాము రాత రాని తెలుగువారికి పెద్ద వరమైంది. కానీ గొంతుకు ఒక చిక్కు ఉంది. నెల కిందట ఏ ధర ఒప్పుకొన్నామో వెతకాలంటే వందల సందేశాలు ఒక్కొక్కటే నొక్కి వినాలి. రాసినదైతే ఒక చూపులో దొరుకుతుంది. బేరానికి గొంతు సరిపోతుంది, లెక్కకు అక్షరం కావాలి.

షోలాపూర్ చద్దరు, బరంపురం పట్టు

మగ్గాన్ని నమ్ముకొని తరాల కిందట తెలంగాణ జిల్లాల నుంచి మహారాష్ట్ర వెళ్లిన పద్మశాలీలది కూడా ఇలాంటి అనుభవమే. షోలాపూర్ తూర్పు భాగంలో నడిస్తే ఇప్పటికీ తెలంగాణ తెలుగు చెవిన పడుతుంది. షోలాపూర్ చద్దరుకు, టెర్రీ తువ్వాలుకు భౌగోళిక గుర్తింపు ఉంది. ఒకప్పుడు కొత్త డిజైను అమ్మాలంటే మచ్చు తువ్వాళ్లు మూటగట్టుకొని రైలెక్కాలి. ఇప్పుడు మగ్గం దిగీదిగకముందే ఫొటో వెళ్తుంది. "గీ రంగుల రెండు వందలు పంపు మామా" అని అటు నుంచి గొంతు వస్తుంది. సొమ్ము కూడా అంతే. 2016లో యూపీఐ వచ్చింది. అదే ఏడాది నవంబరులో పెద్ద నోట్ల రద్దు జరిగింది. ఆ తర్వాత చిన్న కొట్లలోనూ ఫోను చెల్లింపులు అలవాటయ్యాయి.

అక్కడ పిల్లల బడి ఎక్కువగా మరాఠీలో. అందువల్ల తెలుగును దేవనాగరిలో రాసేవాళ్లున్నారు. ఆ లిపిలో గ, ద, బలకు లోటు లేదు. చిక్కు వేరే. మరాఠీ రాతలో ఎ, ఏలకు, ఒ, ఓలకు తేడా ఉండదు. 'మెడ'నూ 'మేడ'నూ ఒకేలా రాయాలి. 'మేడ మీద నీళ్లు ఆగినాయి' అన్న కబురును 'మెడ మీద' అని చదివితే వైద్యుడి దగ్గరికి పరుగెత్తాల్సిందే.

ఫొటో బేరానికి ఇంకో చిక్కుంది. తెర మీద కనిపించిన రంగు, నూలు రంగు ఒకటి కావు. ఒక ఫోనులో ముదురు ఎరుపు, ఇంకో ఫోనులో ఇటుక రంగు. సరుకు చేరాక పేచీ. అందుకే తెలివైన వ్యాపారులు ఫొటోతో పాటు నూలు రంగు నంబరు కూడా రాసి పంపిస్తున్నారు. ఇక్కడా చివరికి రాతే ఆదుకుంటోంది.

ఒడిశాలోని బరంపురంలో పట్టు నేసే దేరా కులస్థుల ఇంటి భాష తెలుగు. రెండేళ్లకోసారి జరిగే బుఢీ ఠాకురాణి జాతరలో వాళ్ల కులపెద్ద దేశీ బెహెరాది ముఖ్యమైన పాత్ర. బరంపురం పట్టు చీరకు, మగవారి జోడుకు పేరుంది. అంచులో గుడి గోపురంలా లేచే కుంభం దాని గుర్తు. అటువంటి చీర మగ్గం మీద తయారు కావడానికి రోజులు పడుతుంది. ఫొటో తీసి గ్రూపులో పెట్టడానికి క్షణం చాలు. పొద్దున పెట్టిన అంచు బొమ్మను మరమగ్గం మీదో, అచ్చు వేసిన బట్ట మీదో దించేయడానికి ఎక్కువ కాలం పట్టదు. కొనేవాడిని చూపించిన ఫోనే కాపీ కొట్టేవాడినీ పిలుచుకొస్తుంది. అందుకని పాత నేతగాళ్లు కొత్త అంచును పూర్తిగా చూపించరు. నమ్మకమైన బేరగాడికి మాత్రమే విడిగా పంపుతారు. పూల వ్యాపారి కొడుకు లెక్క పేజీని గ్రూపులో పెట్టకుండా ఆగాడే, ఇదీ అదే జాగ్రత్త. అందరికీ చూపించాల్సినదేదో, ఒకరికే చూపించాల్సినదేదో తెలుసుకోవడం ఫోను వాడకంలో మొదటి పాఠం.

రాసే చేతికి యంత్రం తోడు

బేరం మాటెలా ఉన్నా, కథ, పద్యం, నాటకం రాసేవాళ్లకు ఫోను ఏం చేసింది? ఇక్కడ లాభం, నష్టం రెండూ ఉన్నాయి.

బళ్లారి సంగతి చూడండి. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన 1953లో బళ్లారి తాలూకా మైసూరుకు వెళ్లింది. బళ్లారి రాఘవ నటించిన ఆ ఊరికి తెలుగు నాటకం కొత్త కాదు. ఇప్పుడక్కడ పిల్లలు కన్నడంలో చదువుతారు. అయితే వాళ్ల అదృష్టం ఏమంటే తెలుగు, కన్నడ లిపులు ఒక తల్లి పిల్లలే. తలకట్టులో తేడా, నాలుగైదు అక్షరాల్లో తేడా. కన్నడం వచ్చినవాడు కొద్ది రోజులు కష్టపడితే తెలుగు చదవగలడు. కన్నడ లిపిలో తెలుగు రాసినా గుడి గుడిగానే, మెడ మెడగానే ఉంటుంది. నాటక పద్యాన్ని పెద్దలు పాడి ఫోన్లో పంపితే, కుర్రాళ్లు కన్నడంలో రాసుకొని, రాగం విని పట్టేయగలరు. ఒకప్పుడు గురువు ఇంటి అరుగు మీద కూర్చొని నేర్చుకొన్న పద్యం ఇప్పుడు చెవికి తగిలించుకొన్న తీగలోంచి వస్తుంది.

తమిళనాడులో దక్షిణానికి పోతే లిపి పోయినా కథ పోలేదు. కోవిల్‌పట్టి ప్రాంతంలో పుట్టిన కి.రాజనారాయణన్ ఇంటి భాష తెలుగు. వలస వచ్చిన తెలుగు కుటుంబాల కథను ఆయన తమిళంలో నవలలుగా రాశారు. 'గోపల్లపురత్తు మక్కళ్'కు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. 2021లో ఆయన కన్నుమూశారు. తెలుగువాళ్ల కథ తమిళానికి ఆస్తి అయింది. అది గర్వించాల్సిన విషయమే. కానీ ఆ కథను తెలుగువారు అనువాదంలో చదువుకోవాల్సి వచ్చింది.

ఇప్పుడు రాత రానివాళ్లకూ తెలుగులో రాసే వీలు వచ్చింది. 2017లో గూగుల్ తెలుగు గొంతును అక్షరాలుగా మార్చే ఏర్పాటు తెచ్చింది. ఫోను ముందు మాట్లాడితే తెర మీద తెలుగు వస్తుంది. హోసూరు తెలుగులో 'ఉండాది' అంటే, యంత్రం కొన్నిసార్లు 'ఉంది' అని వేస్తుంది. కారణం మామూలే. యంత్రం తాను ఎక్కువగా విన్న మాటనే ఊహించి వేస్తుంది. పత్రికల్లో, టీవీల్లో ఉన్న తెలుగే అది ఎక్కువగా విన్నది. మొరసునాడు మాట, షోలాపూర్ మాట దాని చెవిన పడింది తక్కువ. చదవడం వచ్చినవాడైతే దిద్దుకుంటాడు. రానివాడు యంత్రం వేసిందే తన మాట అనుకొని పంపేస్తాడు. అలా అమ్మమ్మ యాస ఆమె మనవడి ఫోన్లోనే చెరిగిపోతుంది.

రాసినదాన్ని దాచుకోవడంలోనూ మెలకువ కావాలి. తెలుగు అక్షరాలకు యూనికోడ్‌లో చోటు 1991లోనే దొరికింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో తెలుగు ఫాంటు కంప్యూటర్లకు చేరింది. అయినా డీటీపీ సెంటర్లలో చాలాకాలం వేరే ఫాంట్లే నడిచాయి. ఆ రోజుల్లో కొట్టించిన కథల ఫైళ్లను ఇప్పుడు మామూలు ఫోన్లో తెరిస్తే అర్థం లేని గుర్తులు కనిపిస్తాయి. ఆ ఫాంటు ఉంటేనే అది తెలుగు. కాగితం మీద అచ్చయిన ప్రతి ఉన్నవాళ్లు బతికిపోయారు. అలాంటి ఫైళ్లున్నవాళ్లు ఇప్పుడే యూనికోడ్‌లోకి మార్చి పెట్టుకోవడం మంచిది.

మామ చదివిన పద్దు

మళ్లీ హోసూరుకు వద్దాం. ఫోటో అందుకొన్న మామ దెంకణికోట వైపు రైతు. గులాబీ తోట ఉంది. ఆయన సాయంత్రం తోట పని ముగించుకొని, కళ్లద్దాలు పెట్టుకొని, ఒక్కో పేరూ చదివి గొంతు సందేశంగా పంపాడు. కొడుకు వింటూ తమిళంలో రాసుకొన్నాడు. గుడి, కుడి తంటా రాకుండా ప్రతి పేరూ రెండుసార్లు చెప్పించుకొన్నాడు. రోజుకు రెండు పేజీల చొప్పున సాగింది. ఇవ్వాల్సినవి ముందు తేల్చాడు. "మీ నాయన ఇట్లే ఉండె" అని వాళ్లు మురిసిపోయారు.

ఐదో రోజు పంపిన పేజీ 2020 నాటిది. ఆ ఏడాది మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. గుళ్లు మూతపడ్డాయి, పెళ్లిళ్లు ఆగాయి. కోసిన పువ్వు కొనేవాడు లేక రైతులు పారబోసుకొన్నారు. అంతకుముందు పూల మీద అడ్వాన్సులు తీసుకొన్నవాళ్లు తిరిగి ఇవ్వలేకపోయారు. ఆ పేజీ నిండా అటువంటి బాకీలే.

ఆ రోజు మామ నుంచి సందేశం ఆలస్యంగా వచ్చింది. ఆరు పేర్లు చదివాడు. ఏడో పేరు దగ్గర కొంచెంసేపు ఏమీ వినపడలేదు. తర్వాత ఇలా ఉంది.

"ఏడోది నా పేరే నాయనా. ముప్పై రెండు వేలు. పాలీహౌసు షీటు చినిగితే తీసుకొంటి. తర్వాత పువ్వు పోయె, నేను ఇచ్చుకోలేకపోతి. మీ నాయన ఒక్క దినమూ అడగలేదు. దినమూ గ్రూపులో మాట్లాడుకొంటా ఉంటిమి, ఆ మాట మాత్రం ఎత్తలేదు. రాసిపెట్టుకొన్నాడని నాకూ తెలీదు. నువ్వు రాసుకో."

ఆ పేజీ చదవగలిగింది ఇద్దరిలో ఒక్కరే. ఆ ఒక్కరే బాకీపడ్డవాడు. ఏడో పేరు వదిలేసి ఎనిమిదో పేరుకు వెళ్లినా అడిగేవాళ్లు లేరు. ఆయన వదల్లేదు. సొమ్ము రెండు వాయిదాల్లో ఫోను ద్వారా చేరింది. మొదటి వాయిదా వచ్చిన రోజు కొడుకు "వద్దులే మామా" అన్నాడు. "నీ నాయన అడగకపోవడం ఆయన పెద్దరికం. నేను ఇయ్యకపోతే నాకేం పెద్దరికం ఉంటుంది?" అని మామ జవాబు.

ఇక్కడ పద్దు తీరింది ఒక మనిషి నిజాయితీ వల్ల. అన్ని ఇళ్లకూ అలాంటి మామ దొరకడు. ఇంటి దస్తావేజు, పొలం కాగితం, చీటీల లెక్క, అమ్మ రాసిన ఉత్తరం తెలుగులో ఉండి, ఇంట్లో చదివేవాళ్లు లేని కుటుంబాలు సరిహద్దుల పొడవునా ఉన్నాయి. ఎవరో చదివి చెప్పింది నమ్మాలి. నమ్మడం మంచిదే, కానీ చదవడం వస్తే నమ్మకానికి బలం ఉంటుంది.

రోజుకో పేజీ

లెక్కలు తేలాక కొడుక్కి ఇంకో సంగతి కనిపించింది. పుస్తకం అంచుల్లో, లెక్కల పక్కన, నాయన చిన్న చిన్న అక్షరాలతో ఏవేవో రాసి ఉన్నాయి. "అవి లెక్కలు కావప్పా. పొద్దున్నే గ్రూపులో పెట్టేవాడే, ఆ మాటలు. ముందు ఇక్కడ రాసుకొని, తర్వాత ఫోన్లో కొట్టేవాడేమో" అన్నాడు మామ. ఆ మాటలు ఒకరి చేత చదివించుకోవడం కొడుక్కి ఇష్టం లేకపోయింది.

గ్రూపులో ఉన్న రిటైరైన మేష్టారు పని అందుకొన్నారు. రోజూ రాత్రి ఒక అక్షరం రాసి ఫొటో పంపుతారు, దాని పలుకు గొంతుతో పంపుతారు. కుర్రాడు కాగితం మీద పదిసార్లు రాసి తిరిగి ఫొటో పంపాలి. ఫోన్లో కొడితే ఒప్పుకోరు. చేత్తోనే రాయాలి. చేతిరాత చదవాలంటే చేత్తో రాసి ఉండాలని మేష్టారి పట్టుదల. ఒకటి రెండు నెలల్లో గుణింతాలు దాటాడు. ఒత్తులు ఇంకా కష్టంగానే ఉన్నాయి.

ఇందుకు సంఘం అక్కర్లేదు, నిధులు అక్కర్లేదు. తెలుగు చదవగలిగిన ఒక పెద్ద, నేర్చుకోవాలనుకొన్న ఒక చిన్న, ఇద్దరి చేతుల్లోనూ ఫోను ఉంటే చాలు. షోలాపూర్‌లో తాత ఉండి, పుణెలో మనవడున్నా పని జరుగుతుంది. గొంతును ఇన్ని వందల మైళ్లు మోసుకెళ్లిన యంత్రం అక్షరాన్ని మోయదా? పంపేవాళ్లు ఉండాలి.

మొన్న ఒక తెల్లవారుజామున ఆ గ్రూపులో చాలాకాలం తర్వాత పాత వేళకే ఒక సందేశం వచ్చింది. పోయిన మనిషి నంబరు నుంచే. కొడుకు ఆ ఫోను తీసేయలేదు. చదువుకొన్నంతలో తెలుగులో రాశాడు. "ఈ దినం వాన పడింది. పువ్వు ధర కుడా పడింది."

నలభై మందిలో చాలామంది ఏం రాయాలో తోచక ఊరుకొన్నారు. మేష్టారు మాత్రం వెంటనే జవాబు పెట్టారు.

"కుడా కాదురా, కూడా. దీర్ఘం పెట్టు."